మధ్యవర్తి మీద ఫిర్యాదు, క్రమశిక్షణ చర్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మీడియేషన్‌లో, అంటే మూడో మనిషి ఇరుపక్షాలతో మాట్లాడి రాజీకి సాయపడే పద్ధతిలో, మధ్యవర్తి తీర్పు చెప్పరు. తీర్పే లేనప్పుడు అప్పీలూ ఉండదు. మధ్యవర్తి నడుచుకున్న తీరు బాగాలేదు అనుకునేవారికి ఉన్న ముఖ్యమైన దారి: ఆ మధ్యవర్తికి గుర్తింపు ఇచ్చిన సంస్థకు ఫిర్యాదు చేయడం. ఆ దారి ఎంతవరకు వెళ్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికే ఈ పేజీ. నియమాలు దేశాన్ని బట్టి, సంస్థను బట్టి మారతాయి కాబట్టి ఉదాహరణలు కొన్ని దేశాల నుంచి తీసుకున్నాం. ఆర్బిట్రేషన్‌కు ఇవేవీ వర్తించవు. అక్కడ ఆర్బిట్రేటర్ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు లాంటి నిర్ణయం ఉంటుంది, దాని లెక్క వేరు.

ఏయే విషయాల మీద ఫిర్యాదు చేయవచ్చు?

మధ్యవర్తి పాటించాల్సిన నడవడి నియమావళి ఒకటి ఉంటుంది. దాన్ని మీరినప్పుడు ఫిర్యాదు చేయవచ్చు. అమెరికాలో 1994లో వచ్చి, 2005లో సవరించిన నమూనా ప్రమాణాల్లో 9 అంశాలున్నాయి. యూరప్‌లో 2004లో మధ్యవర్తుల కోసం ఒక నియమావళి తెచ్చారు. మాటలు వేరైనా అన్నిచోట్లా సారం ఇంచుమించు ఒకటే. ఎవరి వైపూ మొగ్గకూడదు. ఇరుపక్షాల్లో ఎవరితోనైనా పాత పరిచయం, వ్యాపార సంబంధం, చుట్టరికం ఉంటే ముందే చెప్పాలి. తనకు చేతకాని కేసు తీసుకోకూడదు. రహస్యంగా చెప్పిన మాట దాటించకూడదు. రాజీ పడాలా వద్దా అన్న నిర్ణయం పక్షాలదే అయి ఉండాలి. ఫీజు సంగతి మొదట్లోనే తేల్చాలి.

ఫీజు దగ్గర చాలామంది గమనించని విషయం ఒకటుంది. రాజీ కుదిరితేనే ఫీజు అనో, రాజీ మొత్తంలో ఇంత శాతం అనో మాట్లాడుకోవడం మంచిది కాదని అమెరికా నమూనా ప్రమాణాలు చెబుతాయి. వినడానికి అది కక్షిదారుకు లాభంగానే ఉంటుంది. కానీ ఆ క్షణం నుంచి మధ్యవర్తికి కూడా ఈ రాజీ కుదరాలన్న స్వార్థం పుడుతుంది. కుదరకపోతే చేసిన పనంతా వృథా. అలాంటి మనిషి "వద్దనుకుంటే లేచి వెళ్లిపోండి" అని మీతో మనస్ఫూర్తిగా అనలేరు.

రాజీ వల్ల నాకు నష్టం జరిగింది. అది ఫిర్యాదు కిందికి వస్తుందా?

దానికదే రాదు. ఫిర్యాదును విచారించే క్రమశిక్షణ సంఘం చూసేది రాజీ మంచిదా చెడ్డదా అని కాదు, మధ్యవర్తి ఎలా నడుచుకున్నారని. మీకు పది రావాల్సిన చోట ఆరే వచ్చినా, మధ్యవర్తి నియమాల ప్రకారమే నడిపి ఉంటే ఫిర్యాదు మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. అలాగే మీకు బ్రహ్మాండమైన రాజీ వచ్చినా, అవతలివారి న్యాయవాది తన పాత భాగస్వామి అన్న సంగతి మధ్యవర్తి దాచి ఉంటే అది ఫిర్యాదే.

ఫిర్యాదు రాయడానికి కూర్చునే ముందు మిమ్మల్ని మీరు ఒక మాట అడగండి: ఇదే మధ్యవర్తి ఇదే పని చేసి, ఫలితం నాకు అనుకూలంగా వచ్చి ఉంటే కూడా నాకు తప్పనిపించేదా? అవుననిపిస్తే ముందుకు వెళ్లండి.

"ఒప్పుకోండి, ఒప్పుకోండి" అని తెగ ఒత్తిడి చేశారు. అది బలవంతం కాదా?

అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇదే. మధ్యవర్తి పనిలో కొంత కఠినంగా మాట్లాడటం ఉంటుంది. "కోర్టుకు వెళ్తే ఏళ్లు పట్టొచ్చు, ఈ కాగితం మీకు వ్యతిరేకంగా ఉంది, ఓడితే ఎలా?" అని అడగడం తప్పు కాదు. ఆ ప్రశ్నలు ఇద్దరినీ అడిగారా, ఒక్కరినేనా అన్నది చూడాలి. మధ్యవర్తి తరచుగా ఒక్కో పక్షంతో వేరే గదిలో విడిగా మాట్లాడతారు. రెండో గదిలో ఏం అడిగారో మీకు తెలియదు కాబట్టి, తనను మాత్రమే పిండారని ప్రతి కక్షిదారుకూ అనిపిస్తుంది. అది సహజం.

గీత దాటడం అంటే ఇలా ఉంటుంది: "సంతకం పెట్టకపోతే మీరే మొండికేశారని జడ్జిగారికి రాస్తాను." ఇది బెదిరింపు. పైగా అలా రాసే హక్కే మధ్యవర్తికి లేదు. కోర్టు పంపిన మీడియేషన్‌లో రాజీ కుదిరితే ఒప్పంద పత్రం పంపాలి, కుదరకపోతే కుదరలేదని ఒక్క ముక్క చెప్పాలి, లోపల ఎవరు ఏమన్నారో రాయకూడదని భారత సుప్రీంకోర్టు 2010 డిసెంబరులో తేల్చిచెప్పింది. బయటకు వెళ్లనివ్వకపోవడం, మీ న్యాయవాదికి ఫోన్ చేసుకోనివ్వకపోవడం, అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి చదవడానికి సమయమివ్వకుండా సంతకం తీసుకోవడం కూడా ఆ కోవలోవే.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి?

డాక్టర్లకూ లాయర్లకూ ఉన్నట్టు మధ్యవర్తులందరికీ కలిపి ఒకే మండలి ఉండటం చాలా దేశాల్లో లేదు. ఇంగ్లండ్‌లో సివిల్ వివాదాల మధ్యవర్తులు సివిల్ మీడియేషన్ కౌన్సిల్‌లోనూ, కుటుంబ వివాదాలవారు ఫ్యామిలీ మీడియేషన్ కౌన్సిల్‌లోనూ నమోదవుతారు. ఆస్ట్రేలియాలో 2008లో మొదలైన జాతీయ ప్రమాణాల కింద గుర్తింపునిచ్చే సంస్థలు చాలా ఉండేవి. ఫిర్యాదు కూడా ఆ గుర్తింపునిచ్చిన సంస్థకే వెళ్లేది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రానికి మాత్రం కోర్టు వ్యవస్థలోనే మధ్యవర్తుల అర్హత, క్రమశిక్షణ చూసే బోర్డు ఉంది. భారత్‌లో 2023 మీడియేషన్ చట్టం మీడియేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు మధ్యవర్తుల నమోదు, సస్పెన్షన్, రద్దు అధికారం రాసిపెట్టింది. అయితే ఆ చట్టంలోని సెక్షన్లన్నీ ఒకేసారి అమల్లోకి రాలేదు, మొదటి విడత 2023 అక్టోబరు 9న వచ్చింది. మీ కేసుకు సంబంధించిన భాగం అమల్లో ఉందో లేదో చూసుకోవాలి. మీడియేషన్ కోర్టు అనుబంధ కేంద్రంలో జరిగితే ముందు ఆ కేంద్రాన్నే అడగడం మేలు.

మధ్యవర్తి పేరు పక్కన ఏ గుర్తింపు ఉందో మీడియేషన్‌కు ముందు సంతకం చేసిన ఒప్పందంలో ఉంటుంది. లేకపోతే మధ్యవర్తినే అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే దాన్ని కూడా రాసిపెట్టుకోండి. ఏ గుర్తింపూ లేని పెద్దమనిషితో రాజీ కుదుర్చుకున్నవారికి ఈ పేజీలో చెప్పేవి చాలావరకు పనికిరావు. తీసేయడానికి అక్కడ గుర్తింపే లేదు.

ముందు మధ్యవర్తికే రాయమంటున్నారు. దొంగ చేతికి తాళం ఇచ్చినట్టు కాదా?

అలా అనిపించడంలో తప్పులేదు. కానీ చాలా సంస్థలు, ఇంగ్లండ్‌లోని రెండు కౌన్సిళ్లతో సహా, మొదట మధ్యవర్తికి లేదా వారు పనిచేసే కేంద్రానికి రాసి, జవాబుతో తృప్తి లేకపోతేనే తమ దగ్గరికి రమ్మంటాయి. ఫీజు లెక్క, పత్రాలు ఆలస్యం కావడం, మాట దురుసుతనం వంటివి అక్కడే తీరిపోతాయి. ఇంకో ఉపయోగం కూడా ఉంది. మధ్యవర్తి రాతపూర్వకంగా ఇచ్చే జవాబు తర్వాత విచారణలో కాగితంగా నిలుస్తుంది. "అవును, వారి కంపెనీకి గతంలో పనిచేశాను, కానీ అది చాలా పాత సంగతి" అని జవాబొస్తే, సంబంధం ఉందా లేదా అన్న వాదనే అక్కర్లేదు. ఎందుకు చెప్పలేదన్నదే మిగులుతుంది.

బెదిరింపు, లైంగిక వేధింపు, లంచం లాంటివైతే ఈ మెట్టు ఎక్కనక్కర్లేదు. నేరుగా సంస్థకు వెళ్లండి, నేరమైతే పోలీసులకు వెళ్లండి.

లోపల జరిగింది బయట చెప్పనని సంతకం పెట్టాను. మరి ఫిర్యాదు ఎలా రాయగలను?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీడియేషన్ నిలబడేదే గోప్యత మీద. ఆ గోప్యతే మధ్యవర్తి తప్పుకు కూడా కప్పు అయితే ఎలా? అందుకే చట్టాలు రాసినవాళ్లు చాలాచోట్ల ఒక చిన్న తలుపు వదిలారు. మధ్యవర్తి దుష్ప్రవర్తన మీద వచ్చిన ఫిర్యాదును రుజువు చేయడానికో, ఖండించడానికో కావలసిన సమాచారానికి రహస్య రక్షణ వర్తించదని అమెరికా రాష్ట్రాల కోసం 2001లో తయారైన యూనిఫామ్ మీడియేషన్ యాక్ట్ అనే నమూనా చట్టం చెబుతుంది. భారత్ 2023 చట్టంలోని 23వ సెక్షన్ కూడా దాదాపు అదే మాట చెబుతుంది. ఫ్లోరిడా ఇంకాస్త బిగించింది: అలాంటి సమాచారం విచారణ చేసే సంస్థ లోపలి వాడకానికి మాత్రమే.

ఈ తలుపు అన్నిచోట్లా లేదు. సరిహద్దులు దాటిన వివాదాల కోసం యూరోపియన్ యూనియన్ 2008లో తెచ్చిన డైరెక్టివ్ (సభ్యదేశాలు తమ చట్టాల్లో అమలు చేయాల్సిన ఆదేశం) గోప్యతకు చెప్పిన మినహాయింపుల్లో పిల్లల రక్షణ, మనుషుల భద్రత, రాజీ అమలు ఉన్నాయి, మధ్యవర్తి మీద ఫిర్యాదు ప్రస్తావన లేదు. కాబట్టి అక్కడ ఆయా దేశాల చట్టం చూసుకోవాల్సిందే. కాలిఫోర్నియాలో గోప్యత ఎంత గట్టిదంటే, మీడియేషన్ సమయంలో తన సొంత లాయర్లే తనకు తప్పుడు సలహా ఇచ్చి ఒప్పించారని దావా వేసిన కక్షిదారు కూడా ఆ మాటలను సాక్ష్యంగా పెట్టడానికి వీల్లేదని 2011లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత 2019 నుంచి, ఈ సంగతి ముందే కక్షిదారుకు రాతపూర్వకంగా చెప్పి సంతకం తీసుకోవాలని లాయర్లకు నియమం పెట్టారు. గోప్యత గోడ మాత్రం అలాగే ఉంది.

తలుపు ఉన్నచోట కూడా అది తెరుచుకునేది విచారణ సంస్థ వైపుకే. ఫేస్‌బుక్ పోస్టుకు, గూగుల్ రివ్యూకు, విలేకరికి, వాట్సాప్ గ్రూపుకు కాదు. కోపంలో అక్కడ రాసి, ఒప్పందం ఉల్లంఘించారని తిరిగి మీరే సంజాయిషీ ఇచ్చుకునే పరిస్థితి తెచ్చుకోకండి. ఫిర్యాదులో కూడా అవతలి పక్షం రహస్యాలు అవసరానికి మించి రాయకండి. వాళ్లు ఈ గొడవలో లేరు.

ఫిర్యాదులో ఏం రాయాలి?

"మధ్యవర్తి మొదటి నుంచీ వాళ్ల వైపే ఉన్నారు, నాకు తీరని అన్యాయం జరిగింది" అని రెండు పేజీలు రాసినా, చదివేవారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇదే విషయం ఇలా రాసి చూడండి:

"రెండో సమావేశంలో భోజన విరామానికి ముందు మధ్యవర్తి నాతో విడిగా మాట్లాడారు. నేను ఎంత వరకు తగ్గగలనో ఒక అంకె చెప్పి, ఇది అవతలివారికి చెప్పవద్దన్నాను. సరేనన్నారు. విరామం తర్వాత అవతలివారు మొదటిసారిగా సరిగ్గా అదే అంకెతో వచ్చారు. వారి లాయరు, 'మీరు ఇంతకు ఒప్పుకుంటారని మాకు చెప్పారు' అన్నారు. అప్పుడు గదిలో నాతో పాటు మా అన్నయ్య ఉన్నారు."

ఇందులో ఎప్పుడు, ఎవరు, ఏ మాట, ఎవరు విన్నారు అన్నీ ఉన్నాయి. బలమంతా లాయరన్న ఆ ఒక్క వాక్యంలో ఉంది. అది లేకుండా అంకె కలిసిందని మాత్రమే రాస్తే, యాదృచ్ఛికమని కొట్టిపారేయవచ్చు. మీకు గుర్తున్నంత వరకు అసలు మాటలే రాయండి, గుర్తులేనివి పూరించకండి. నియమావళిలో ఏ నియమం మీరారో తెలిస్తే దాని సంఖ్య రాయండి, తెలియకపోతే సంఘమే చూసుకుంటుంది. మీడియేషన్ ఒప్పందం, ఈమెయిళ్లు, మెసేజ్‌లు, ఫీజు రసీదు జత చేయండి.

ఫోన్‌లో రికార్డ్ చేశాను. పంపనా?

ఆగండి. చాలా ఒప్పందాల్లో రికార్డింగ్ నిషేధం ఉంటుంది. భారత్ 2023 చట్టమైతే పక్షాలూ, మధ్యవర్తీ, కేంద్రమూ ఎవరూ ఆడియో, వీడియో తీయకూడదంటుంది. ఆన్‌లైన్ సమావేశానికీ ఇదే వర్తిస్తుంది. ముందు లాయరును అడగండి. సమావేశం ముగిసిన రోజే సొంతంగా రాసుకున్న నోట్స్ చాలాసార్లు ఇంతకంటే మేలు.

ఫిర్యాదుకు గడువు ఉంటుందా?

ఉంటుంది, సంస్థను బట్టి మారుతుంది. రాజీ పత్రం మీద ఆలోచిస్తూ నెలలు గడిపేయకండి.

ఫిర్యాదు అందాక ఏం జరుగుతుంది?

మొదట వడపోత. చెప్పినవన్నీ నిజమే అనుకున్నా నియమ ఉల్లంఘన అవుతుందా లేదా అని చూస్తారు. కాదనుకుంటే అక్కడే కొట్టేస్తారు. అవుననుకుంటే ఫిర్యాదు ప్రతిని మధ్యవర్తికి పంపి జవాబు అడుగుతారు. కాబట్టి పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయడం ఇక్కడ దాదాపు కుదరదు. మూడు నాలుగు మంది ఉన్న గదిలో ఎవరు రాశారో మధ్యవర్తికి ఎలాగూ తెలిసిపోతుంది.

తర్వాత కొన్నిచోట్ల సర్దుబాటు ప్రయత్నం ఉంటుంది. ఫ్లోరిడాలో ఫిర్యాదు కమిటీ ఫిర్యాదుదారుతోనూ మధ్యవర్తితోనూ కలిపి గానీ విడిగా గానీ కూర్చుని పరిష్కరించవచ్చు. మీడియేషన్ మీద వచ్చిన ఫిర్యాదుకు మళ్లీ మీడియేషనా అని నవ్వొచ్చు. మాట దురుసుతనం, అపార్థం లాంటి వాటికి అదే సరైన మందు. మోసం, దాపరికం లాంటివైతే "సర్దుకుందాం" అన్న మాటకు ఒప్పుకోనక్కర్లేదు.

అక్కడా తేలకపోతే ప్యానెల్ ముందు విచారణ. మధ్యవర్తికి తన వాదన చెప్పుకునే, లాయరును పెట్టుకునే, మిమ్మల్ని ప్రశ్నించే అవకాశం ఉంటుంది. గుర్తింపు పోతే జీవనోపాధి పోతుంది కాబట్టి ఈ అవకాశాలు తప్పవు. మీరు ఇక్కడ కక్షిదారు కాదు, సాక్షి మాత్రమే అన్నది గుర్తుంచుకుంటే టెన్షన్ కాస్త తగ్గుతుంది. కేసు నడిపేది సంస్థ.

తప్పు రుజువైతే ఏం చర్య తీసుకుంటారు?

ఫ్లోరిడా జాబితా చూస్తే ఎన్ని రకాలో తెలుస్తుంది: నోటి మందలింపు, రాతపూర్వక మందలింపు, అదనపు శిక్షణ, ఫలానా రకం కేసులు చేపట్టకూడదన్న ఆంక్ష, విచారణ ఖర్చులు కట్టించడం, సస్పెన్షన్, చివరికి గుర్తింపు రద్దు. ఒకసారి జరిగిన పొరపాటుకు రద్దు దాకా వెళ్లరు. ఆంక్ష పెట్టడం అన్నిటిలోకి తెలివైన చర్య అని మా అభిప్రాయం. గృహహింస ఉన్న కుటుంబ కేసును అర్థం చేసుకోలేని మధ్యవర్తి వ్యాపార వివాదాల్లో చక్కగా పనిచేస్తూ ఉండవచ్చు.

మధ్యవర్తిని శిక్షిస్తే నా రాజీ రద్దవుతుందా?

కాదు. చాలామంది నిరాశపడేది ఇక్కడే. క్రమశిక్షణ సంఘానికి మీ ఒప్పందం మీద అధికారం లేదు. డబ్బు ఇప్పించదు, పత్రం కొట్టేయదు. దానికి కోర్టుకే వెళ్లాలి, అక్కడి కారణాలు వేరు. భారత్ 2023 చట్టంలో మోసం, అవినీతి, వేరొకరి పేరుతో నటించడం, మీడియేషన్‌కు పనికిరాని వివాదం అన్న కారణాల మీద మాత్రమే రాజీని సవాలు చేయవచ్చు. ఒప్పంద ప్రతి అందిన 90 రోజుల్లో వేయాలి, తగిన కారణం చూపితే ఇంకో 90 రోజులు. మధ్యవర్తి పక్షపాతం అన్నది విడిగా ఆ జాబితాలో లేదు.

అంతర్జాతీయ వ్యాపార రాజీలకు మాత్రం పరిస్థితి కొంత నయం. 2020 సెప్టెంబరు 12న అమల్లోకి వచ్చిన, ఇలాంటి రాజీల అమలు గురించిన సింగపూర్ కన్వెన్షన్ అనే దేశాల మధ్య ఒప్పందంలో, మధ్యవర్తి ప్రమాణాలను తీవ్రంగా ఉల్లంఘించి, అది జరగకపోతే తాను ఆ రాజీకి ఒప్పుకునేవాణ్ని కాదని చూపగలిగితే, అమలు నిరాకరించమని కోర్టును అడగవచ్చు. తటస్థత మీద అనుమానం కలిగించే సంగతులు దాచి, ఆ దాపరికం రాజీ మీద గట్టి ప్రభావం చూపినా అంతే.

కోర్టు గడువు, ఫిర్యాదు గడువు రెండూ విడివిడిగా నడుస్తాయి. ఫిర్యాదు తేలేవరకు ఆగుదామనుకుంటే కోర్టు గడువు దాటిపోతుంది.

మధ్యవర్తి మీద నష్టపరిహారం కోసం దావా వేయవచ్చా?

వేయవచ్చు, గెలవడం కష్టం. కోర్టు నియమించిన మధ్యవర్తులకు జడ్జిలకు ఉన్నలాంటి రక్షణ ఉంటుందని అమెరికాలో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఒకటి 1994లో చెప్పింది. భారత్ చట్టం సద్భావంతో చేసిన పనికి రక్షణ ఇస్తుంది. ప్రైవేటుగా పెట్టుకున్నవారి విషయం వేరు. 2003లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా సుప్రీంకోర్టు, ఇద్దరు అక్కచెల్లెళ్ల ఆస్తి వివాదంలో పనిచేసిన మధ్యవర్తి మీది దావాను విచారణ లేకుండానే కొట్టేయడానికి ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో 2009లో, ఫార్మ్ అసిస్ట్ అనే కంపెనీ తనను ఒత్తిడి పెట్టి రాజీకి ఒప్పించారని ప్రభుత్వ శాఖ మీద వేసిన కేసులో, మధ్యవర్తిని సాక్షిగా పిలిచిన సమన్లను రద్దు చేయడానికి కోర్టు నిరాకరించింది. అంటే గోప్యత గోడకు ఆవల నుంచి మధ్యవర్తి ఎప్పటికీ బయటకు రారని అనుకోకూడదు.

మధ్యవర్తి లాయరు కూడా. గుర్తింపు సంస్థకూ, లాయర్ల సంస్థకూ రెండింటికీ ఫిర్యాదు చేయవచ్చా?

చేయవచ్చు. భారత్‌లో 1961 అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ వృత్తిపరమైన దుష్ప్రవర్తనతో పాటు "ఇతర దుష్ప్రవర్తన"ను కూడా చెబుతుంది, అక్కడ రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు వెళ్లాలి. అయితే మధ్యవర్తి నియమావళి బార్ కౌన్సిల్‌ది కాదు. మాట దురుసుతనం లాంటిదాన్ని అక్కడికి తీసుకెళ్లి కాలయాపన చేసుకోకండి.

ఇంకా మీడియేషన్ నడుస్తోంది. ఇప్పుడే చెప్పాలా?

చెప్పాలి. నమ్మకం పోయిందని లేచి వచ్చేసే హక్కు మీకుంది. కేంద్రం ద్వారా జరుగుతుంటే మధ్యవర్తిని మార్చమని అడగవచ్చు. భారత్ చట్టంలో మధ్యవర్తి వాదన విని, అనుమానానికి ఆధారముందని తేలితే కేంద్రం తప్పించగలదు. సంబంధం సంగతి తెలిసీ నోరు మెదపకుండా రాజీ దాకా వెళ్లి, తర్వాత ఫిర్యాదు చేస్తే "అప్పుడెందుకు చెప్పలేదు?" అన్న ప్రశ్నకు జవాబు దొరకదు.

ఫిర్యాదు రాగానే మధ్యవర్తి గుర్తింపు వదులుకుని తప్పించుకోగలరా?

కొన్ని సంస్థల్లో, దురదృష్టవశాత్తూ, అవును. సభ్యత్వం పోతే అధికారం పోతుంది. ఫిర్యాదు తేలేవరకు రాజీనామా అంగీకరించబోమన్న నిబంధన ఉన్న సంస్థలు మెరుగు. గుర్తింపు చూసి మధ్యవర్తిని ఎంచుకునేటప్పుడు ఇది అడిగితే ఆ గుర్తింపు విలువెంతో తెలిసిపోతుంది.

నేనే మధ్యవర్తిని. నా మీద ఫిర్యాదు వచ్చింది. ఏం చేయాలి?

మొదట బీమా కంపెనీకి తెలపండి, ఆలస్యమైతే బీమా వర్తించకపోవచ్చు. ఫిర్యాదుదారుకు ఫోన్ చేయకండి, రాత్రికి రాత్రే ఘాటుగా జవాబు రాయకండి. మీ నోట్స్ చింపేసే అలవాటుంటే ఈ కేసువి మాత్రం అలాగే ఉంచండి. ఫిర్యాదు తెలిశాక చింపితే అదే కొత్త ఆరోపణ అవుతుంది. మిమ్మల్ని మీరు కాపాడుకోవడానికి కావలసినంత మేరకు లోపలి సంగతులు చెప్పుకునే వెసులుబాటు, పైన చెప్పిన మినహాయింపుల్లో మీకూ ఉంది: రుజువు చేయడానికే కాదు, ఖండించడానికి కూడా అని వాటిలో ఉన్నది అందుకే. అవసరం లేని మూడో వ్యక్తి రహస్యం మాత్రం జవాబులోకి రానివ్వకండి.

ఫలితం అందరికీ తెలిసేలా ప్రకటిస్తారా?

కొట్టేసిన ఫిర్యాదులను సాధారణంగా బయటపెట్టరు. సస్పెన్షన్, రద్దు లాంటివి చాలాచోట్ల జాబితాలో కనిపిస్తాయి, కక్షిదారుల పేర్లు తీసేసి. నిర్ణయం ప్రతి మీకు అందుతుంది. దాని మీద అప్పీలు చేసుకునే హక్కు ఎక్కువగా మధ్యవర్తికే ఉంటుంది. ఫిర్యాదుదారుకు పునఃపరిశీలన కోరే అవకాశం ఉందో లేదో ఆ సంస్థ నిబంధనల్లో ముందే చూసుకోండి.